రాజు కనబడని మొహెంజొదారోలో కాలువల పూడిక తీసింది ఎవరు?

సందేహాల_శంకరం
సింధు నాగరికత గురించి తెలుగులో ఏ వ్యాసం తెరిచినా ఒకే వరస కనిపిస్తోంది. క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా వర్ధిల్లిన ఆ నగరాల్లో రాజభవనం దొరకలేదు, రాజుల సమాధులు దొరకలేదు, యుద్ధ విజయాల శిల్పాలు దొరకలేదు. వీధివీధికీ మూత వేసిన మురుగు కాలువలు మాత్రం దొరికాయి. కనుక అక్కడి జనం హెచ్చుతగ్గులు లేకుండా హాయిగా బతికారు అని ముగిస్తారు. నా అభ్యంతరమంతా ఆ "కనుక" దగ్గరే ఉంది. కాలువ కట్టడం ఒక ఎత్తు, ఏటా అందులో పూడిక తీయడం మరొక ఎత్తు. ఆ పని ఎవరు చేశారు, ఎవరు చేయించారు, కూలి ఎవరిచ్చారు అని అడగకుండానే సమానత్వం గురించి ఎలా మాట్లాడేస్తున్నాం? తవ్వకాల్లో దీనికి ఆధారం ఏదైనా ఉంటే తెలిసినవారు చెప్పగలరు.

సోషల్_మాస్టారు
ఆధారం ఉంది. 1920ల చివర మొహెంజొదారోలో తవ్వకాలు జరిపించిన ఎర్నెస్ట్ మెకే, కొన్ని కాలువల పక్కన పొడుగ్గా పోసి ఉన్న ఇసుక కుప్పలను గమనించాడు. కాలువలోంచి పైకి తీసిన పూడికను అన్నిసార్లూ బండికెత్తి తీసుకుపోలేదని ఆయన దాన్ని బట్టి గ్రహించాడు. ఇంటి మురుగు తిన్నగా వీధి కాలువలోకి పోయేది కాదు. ముందు ఒక చిన్న గుంటలో పడి, మడ్డి అడుగుకు చేరాక పైనీరు మాత్రమే కాలువలోకి జారేది. పొడుగు కాలువలకు మధ్యమధ్య కూడా ఇలాంటి గుంటలు ఉన్నాయి. కాలువల మీది ఇటుకలనూ, కొన్నిచోట్ల వాడిన సున్నపురాతి పలకలనూ పైకి లేపడానికి వీలుగానే పరిచారు. అంటే శుభ్రం చేసే మనిషిని దృష్టిలో పెట్టుకునే ఆ కాలువలు కట్టారన్నమాట. ఆ మనిషి ఎవరన్నదే మిగిలిన ప్రశ్న.

గవ్వలు
తీసిన పూడికను గట్టు మీదే వదిలేసి వెళ్లే ఆచారానికి నాలుగున్నర వేల ఏళ్ల చరిత్ర ఉందని తెలియక, మా వార్డు సిబ్బందిని ఇన్నాళ్లూ అన్యాయంగా ఆడిపోసుకున్నాను.

రిటైర్డ్_ఏఈ
ఉద్యోగమంతా పురపాలక సంఘాల్లో, అందులోనూ ఎక్కువ కాలం కాలువల పనుల మీదే గడిచింది కాబట్టి నాకు తోచినది రాస్తున్నాను. కాలువకు వాలు తక్కువైతే మట్టి పేరుకుంటుంది, ఎక్కువైతే ఒరిపిడికి అడుగు ఇటుక లేచిపోతుంది. నీరు బయటపడే చోటి మట్టం, ఎగువన చిట్టచివరి ఇంటి గుంట మట్టం, ఈ రెంటినీ ఒకే లెక్కలో చూసుకున్న మనిషి ఒకరు ఉంటే తప్ప ఆ వాలు కుదరదు. ఇళ్లు లేచిన తర్వాత కుదర్చడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు. అందుకే అక్కడ ముందు వీధీ కాలువా వేసి, తరువాత వాటి వెంబడి ఇళ్లు కట్టారన్న మాట నాకు పూర్తిగా నమ్మదగినదిగా తోస్తుంది.

మరొక సంగతి. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒక వ్యాపారి తన కొట్టు అరుగును కాలువ మీదికి కొంచెం ముందుకు జరిపాడు. దాని కింద చేయి పెట్టడానికి సందు లేక పూడిక ఆగిపోయింది. తరువాత పడిన మొదటి పెద్ద వానకే ఎగువ వీధి మొత్తం మునిగింది. నోటీసులు ఇచ్చాం, కోర్టుకు కూడా వెళ్లాం, అరుగు మాత్రం అక్కడే ఉంది. మొహెంజొదారోలో దాదాపు 10 మీటర్ల వెడల్పున్న పెద్ద వీధి కొన్ని వందల ఏళ్లు కబ్జా కాకుండా నిలిచిందంటే, అరుగు జరపవద్దని చెప్పే అధికారం ఎవరి చేతిలోనో ఉండి తీరాలి. ఆ చేయి రాజుదే కానక్కరలేదు. కానీ అధికారమే లేని సమాజంలో అన్నేళ్లు కాలువ పారదు.

ఇటుకల_బట్టీ
కాలువ గురించి ఏఈ గారు చెప్పారు కాబట్టి నేను ఇటుక గురించి చెబుతాను, మా కుటుంబానిది అదే వృత్తి. అక్కడి ఇళ్ల ఇటుక సుమారు 7 సెంటీమీటర్ల మందం, 14 సెంటీమీటర్ల వెడల్పు, 28 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. కోటగోడల ఇటుక ఇంకా పెద్దదే అయినా 1:2:4 నిష్పత్తి మాత్రం మారదు. రెండు ఇటుకలు అడ్డంగా పెడితే ఒక ఇటుక పొడవుకు సరిపోతాయి కనుక గోడలో కీలు కీలుకూ కలవకుండా వరస మార్చి కట్టవచ్చు. మేస్త్రీకి ఇంతకన్నా సుఖమైన కొలత లేదు.

సింధు నాగరికతకే చెందిన చన్హుదారో అనే చిన్న పట్టణంలో దొరికిన ఒక ఇటుక మీద పిల్లి పాదాలు, వాటి మీద కుక్క పాదాలు అచ్చుపడి ఉన్నాయి. పచ్చి ఇటుకలు ఆరబెట్టిన నేల మీద కుక్క పిల్లిని తరిమినట్లు దాన్ని బట్టి తెలుస్తోంది. మా బట్టీలో కూడా ఏటా అలాంటివి కొన్ని వస్తాయి, వాటిని పునాదిలోకి తోసేస్తాం.

ఇక శంకరం గారి ప్రశ్నకు వస్తే, పూడిక తీసినవారి కంటే ముందు ఇటుక కోసినవారి గురించి ఆలోచించాలి. పడమటి ఒడిశా నుంచి మా ప్రాంతానికి పనికి వచ్చే కుటుంబాలు బట్టీ పక్కనే పచ్చి ఇటుకలు పేర్చుకుని, పైన రేకు కప్పుకుని ఉంటాయి. బట్టీ చల్లారాక ఆ గుడిసెల ఆనవాలు ఒక్క వానకు పోతుంది. మొహెంజొదారోకు అన్ని లక్షల ఇటుకలు కాల్చి ఇచ్చినవారు, కట్టెలు కొట్టి మోసినవారు కాల్చిన ఇటుక ఇళ్లలోనే ఉన్నారని నాకు నమ్మకం లేదు. వారి గుడిసెలు మిగలలేదు కనుక మనం మిగిలిన ఇళ్లను మాత్రమే చూసి అందరూ బాగున్నారంటున్నాం.

నదీతీరం
వాదన బాగుంది గానీ, దొరకని గుడిసెలను సాక్ష్యంగా నిలబెట్టడం న్యాయం కాదు. దొరికినవి చూద్దాం. మొహెంజొదారోలో ఇళ్లలో పెద్దవీ చిన్నవీ ఉన్న మాట నిజం. అయితే చిన్న ఇళ్లలో కూడా స్నానానికి ఇటుక పరిచిన గచ్చు, దాని నుంచి వీధికి తూము కనిపిస్తున్నాయి. ఒక్క ఆ నగరంలోనే 700 దాకా బావులు ఉండి ఉంటాయని అంచనా. నీటి కోసం పెద్దింటి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడవలసిన అవసరం లేని ఊరు అది.

అదే కాలంలో ఈజిప్టులో కూఫు చక్రవర్తి ఒక్కడి సమాధి కోసం గిజాలో కొండంత రాళ్లు పేర్చారు. మొహెంజొదారోలో జనం కలిసి కట్టుకున్న పెద్ద కట్టడం స్నానవాటిక: సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ లోతు, నీరు ఊరకుండా ఇటుక వెనుక తారు పూత. ఈ తేడాను తేలిగ్గా కొట్టివేయలేం. దాని పక్కనున్న కట్టడాన్ని పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ధాన్యాగారమన్నాడు, కానీ అందులో ధాన్యం ఆనవాలు లేదు. గడ్డం మనిషి రాతి బొమ్మను పూజారి రాజన్నారు, అతడు పూజారని గానీ రాజని గానీ చెప్పే ఆధారం ఆ బొమ్మలో లేదు. ఆడమ్ గ్రీన్ వంటి పరిశోధకులు ఇటీవల అంటున్నది ఇదే: పాలకవర్గం తప్పక ఉండి తీరాలన్న మన అలవాటు వల్లనే ప్రతి పెద్ద గదిలోనూ దాన్ని వెతుకుతున్నాం.

సందేహాల_శంకరం
నదీతీరం గారూ, రాజు లేడని నేనూ ఒప్పుకుంటున్నాను. నా ప్రశ్న రాజు గురించి కాదు. రాజు లేనంత మాత్రాన ధనిక పేద తేడా ఉండదా? ఫయాన్స్‌తో, అంటే ఇసుక పొడిని ముద్ద చేసి మెరుపు పూతతో కాల్చిన పదార్థంతో, చేసిన బుల్లి కుండలు ఎక్కువగా మొహెంజొదారో, హరప్పాల్లోనే దొరికాయి, చిన్న ఊళ్లలో దాదాపు లేవు. బంగారు నగలు అరుదు. దొరికినవి కూడా ఎవరో మూటగట్టి దాచిపెట్టుకున్నవే. అందరూ సమానమైన ఊళ్లో నగలు ఎవరికి భయపడి దాచుకున్నారు?

అర్ధరాత్రి_చదువరి
ఈ ప్రశ్న మా అత్తగారికి చూపించాను. సమానులకే ఎక్కువ భయపడాలని, వాళ్లే అరువు అడుగుతారని ఆవిడ అభిప్రాయం.

పూసలపేరు
నగల ప్రస్తావన వచ్చింది కాబట్టి పూసల దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే హెచ్చుతగ్గులు అక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తాయి. చన్హుదారోలో ఎర్రటి కార్నీలియన్ రాతితో పొడుగు పూసలు చేసిన కార్ఖానా బయటపడింది. ఆ రాయిని ముందు కాల్చి రంగు తెప్పించి, చెక్కి, అరగదీసి, చివరకు రెండు వైపుల నుంచీ బెజ్జం వేసేవారు. పురావస్తు పరిశోధకుడు జొనాథన్ మార్క్ కెనోయర్ ఆ పద్ధతిని తిరిగి ప్రయోగించి చూసినప్పుడు, గంటసేపు తిప్పితే బెజ్జం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే దిగింది. వేలు పొడవు పూసకు ఎన్ని రోజులో మీరే లెక్క వేసుకోండి. చివరి ఘడియలో రాయి పగిలితే అంతా మట్టిపాలే. అలాంటి పూసలతో కట్టిన వడ్డాణాలు మొహెంజొదారోలోనూ, కరాచీ దగ్గరి అల్లాదినోలోనూ దొరికాయి.

ఇప్పుడు అసలు సంగతి. అవే ఊళ్లలో మట్టితో పొడుగు పూసలు చేసి, ఎర్ర రంగు పూసి, కార్నీలియన్‌లా కనిపించేట్టు చేసినవి కూడా దొరుకుతున్నాయి. అసలుది కొనలేని మనిషి ఉంటేనే నకలుకు గిరాకీ ఉంటుంది. ఇంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి?

నదీతీరం
తేడా లేదని నేను అనలేదు. ఆ తేడా సమాధిలోకి వెళ్లలేదంటున్నాను. హరప్పా శ్మశానంలో మట్టి కుండలు, కొందరు స్త్రీల ఎడమ చేతికి శంఖు గాజులు, అక్కడక్కడ రాగి అద్దం, అంతే. కుటుంబ ఆస్తినంతా ఒక శవంతో పాతిపెట్టే పెద్దమనిషి అక్కడ కనిపించడు.

పూసలపేరు
సమాధిలో పెట్టలేదంటే లేదని కాదు, కూతురికో కోడలికో ఇచ్చారని కూడా కావచ్చు. అటు మెసొపొటేమియాలో ఉర్ నగరపు రాజ సమాధుల్లో సింధు ప్రాంతపు కార్నీలియన్ పూసలు దొరికాయి. మెలుహ్హా నౌకలు తన రేవుకు వచ్చి ఆగాయని అక్కడి అక్కద్ రాజు సర్గోన్ శాసనంలో గొప్పగా చెప్పుకున్నాడు. ఆ మెలుహ్హా సింధు ప్రాంతమేనని చాలామంది పండితుల అభిప్రాయం. రాజు లేని ఊళ్లో పనివాడి చేతులు అరిగిపోయేలా చేసిన పూస రాజులున్న ఊళ్లో రాచకుటుంబపు మెడలోకి చేరింది. మధ్యలో లాభం ఎవరికి మిగిలిందో వారే ఏఈ గారు వెతుకుతున్న అధికారం.

రిటైర్డ్_ఏఈ
ఈ మాట నాకు నచ్చింది. వర్తకుల కూటమి వంటిదేదో నగరాన్ని నడిపి ఉండవచ్చు. తూకపు రాళ్లు కూడా అటే చూపుతున్నాయి.

సోషల్_మాస్టారు
తూకపు రాళ్ల విషయం కొంచెం వివరిస్తాను. చెర్ట్ అనే గట్టి రాతితో నున్నగా చెక్కిన ఆ ఘనాల్లో చిన్నవి 1, 2, 4, 8, 16, 32, 64 ఇలా రెట్టింపవుతూ పోతాయి. ఈ వరసలో 16కు సరిపడే రాయి సుమారు 13.7 గ్రాములు తూగుతుంది. గుజరాత్‌లోని లోథల్‌లో తీసినా, పంజాబ్‌లోని హరప్పాలో తీసినా దాదాపు ఇదే లెక్క. హరప్పాలో ఇవి నగర ద్వారాల దగ్గర ఎక్కువగా దొరకడంతో, లోపలికి వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేయడానికి వాడి ఉంటారని కెనోయర్ ఊహించాడు. అది నిజమైతే పూడిక తీసేవారి కూలికి డబ్బాలో పైకం, అంటే గోదాములో గింజలు, ఎక్కడి నుంచి వచ్చాయో మనకు ఒక దారి దొరుకుతుంది.

గవ్వలు
చెక్‌పోస్టు కూడా ఉందంటే మిగతా వ్యవస్థలన్నీ ఉన్నట్లే లెక్క.

కచ్‌లో_కాకినాడ
ఉద్యోగరీత్యా కచ్ జిల్లాలో ఉంటున్నాను, ఇక్కడి సింధు నగరం ధోలావీరాకు వీలైనప్పుడల్లా వెళ్తాను. మీరంతా మొహెంజొదారో చుట్టూనే తిరుగుతున్నారు గానీ, ఇక్కడికి వస్తే అందరూ సమానమన్న మాట నోట రాదు. నగరం నాలుగు అరలుగా ఉంది: ఎత్తైన కోట, దాన్ని ఆనుకుని మరొక ప్రాకారం, మధ్య పట్టణం, దిగువ పట్టణం. ఒక్కో అరకూ గోడ, ద్వారం ఉన్నాయి. కోట ఉత్తర ద్వారం దగ్గర పది పెద్ద గుర్తులు పొదిగిన పలక పడిపోయి దొరికింది. ఆ గుర్తులను దూరం నుంచి కూడా చూడవచ్చు. ఎవరో ఎవరికో ఏదో ప్రకటించారు, అంతవరకు మాత్రం ఖాయం.

ఇక్కడ నది లేదు. వానాకాలంలో పారే మన్సర్, మన్హర్ అనే రెండు వాగులకు అడ్డుకట్టలు వేసి, నీటిని ప్రాకారం లోపలి చెరువుల్లోకి మళ్లించారు. తూర్పు చెరువు 73 మీటర్లకు పైగా పొడవు ఉంటుంది. మెట్లు దిగుతూ పోతే పక్క గోడ తలకు ఎంతో ఎత్తున ఉండిపోతుంది. కోటలోని వాన నీటి కాలువల్లో కొన్నింటిలో మనిషి నడిచి వెళ్లవచ్చు. వాన నీటిని ఇంత జాగ్రత్తగా పట్టినవారు ఇళ్ల మురుగును మాత్రం చాలాచోట్ల నేలలో పాతిన కుండల్లోకి వదిలారు. అంటే శంకరం గారి ప్రశ్న ఇక్కడ ఇంకా పదునెక్కుతుంది: కాలువనైతే ఊరంతా పంచుకుంటుంది, కుండను మాత్రం ఎవరో ఒకరు వచ్చి ఎత్తిపోయాలి.

లిపిప్రియ
అసలు ఆ పది గుర్తులు చదవగలిగితే ఈ చర్చ అంతా అక్కరలేదు కదా? సింధు లిపిని పరిశోధించిన ఐరావతం మహదేవన్, అస్కో పర్పోలా అది ద్రావిడ భాష అయి ఉంటుందన్నారు కాబట్టి మన తెలుగువారు ఎందుకు ప్రయత్నించరు?

నిర్వాహకుడు
లిపి గురించి ఇదే వేదికలో వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడ కొనసాగించండి. ఒక్క మాట మాత్రం చెప్పి ఆపుతాను: శాసనాలు సగటున అయిదు గుర్తులకు మించవు, రెండు భాషల్లో రాసిన ఫలకం ఒక్కటీ దొరకలేదు, ద్రావిడ వాదం బలమైన ఊహే అయినా ఇంతవరకు రుజువు కాలేదు. లిపి చదివేశామంటూ నాకు వచ్చే ఉత్తరాలన్నీ వేరే దస్త్రంలో భద్రంగానే ఉన్నాయి.

చింతచెట్టు
మన ప్రాంతంలో అప్పుడు ఏం జరుగుతుండేదో ఎవరూ చెప్పలేదు.

సోషల్_మాస్టారు
దాదాపు అదే కాలంలో దక్కనులో పశువులు మేపుకునే జనం ఉన్నారు. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ అలాంటిదే. దొడ్డి చుట్టూ దడి కట్టి, పేరుకున్న పేడను పలుమార్లు కాల్చగా అది ఏర్పడింది. ఇక సింధు సంప్రదాయం చివరి రోజుల్లో దక్షిణానికి వచ్చిన దూరం చూడాలంటే మహారాష్ట్రలోని దైమాబాద్ చూడాలి. అది గోదావరిలో కలిసే ప్రవర నది ఒడ్డున ఉంది. 1974లో అక్కడ ఎడ్లు కట్టిన రథం, ఏనుగు, ఖడ్గమృగం, దున్నపోతు కంచు బొమ్మలు దొరికాయి.

అర్ధరాత్రి_చదువరి
హరియాణాలోని ఫర్మానాలో వంట కుండల నుంచి పసుపు, అల్లం, వంకాయల పిండి రేణువులు గుర్తించారని చదివాను. మిరపకాయ పోర్చుగీసువారి తర్వాత గానీ రాలేదు కాబట్టి ఆ కూర ఎలా తిన్నారో నాకు ఊహకు అందడం లేదు.

కొండపల్లి_బొమ్మ
కచ్‌లో_కాకినాడ గారు కుండల మాట ఎత్తారు కనుక, అందరూ తప్పుకుంటున్న ప్రశ్న నేను అడుగుతాను. హరప్పాలో ఇళ్లలోని మరుగుదొడ్లు చాలావరకు నేలలో దించిన పెద్ద కుండలే. వాటిని ఎవరో ఎత్తిపోశారు. ఆ పని పుట్టుకతో కొందరి నెత్తిన పడిందా? చేతులతో పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో మరొకటి చట్టాలు చేసుకున్న దేశంలో కూర్చుని, "ప్రపంచంలోనే తొలి పారిశుద్ధ్య వ్యవస్థ మనది" అని గర్వపడుతూ, దాన్ని నడిపిన మనిషి గురించి ఒక్క వాక్యమైనా రాయకపోవడం నాకు మింగుడుపడదు.

నదీతీరం
మీ బాధ న్యాయమైనదే. అయితే కులాన్ని ఆ కాలానికి తీసుకువెళ్లడానికి ఆధారం లేదు. ఒక వృత్తివారు ఒక వీధిలో ఉన్నట్టు చెప్పగలం గానీ, ఆ వృత్తి పుట్టుకతో అంటుకుందని ఏ ఇటుకా చెప్పదు.

కొండపల్లి_బొమ్మ
అంటుకోలేదని కూడా ఏ ఇటుకా చెప్పదు. సమానత్వం గురించి మాత్రం మీకు ఇటుకలు బాగానే చెబుతున్నాయి.

ఎముకల_గూడు
ఇటుకలు చెప్పకపోతే ఎముకలను అడగాలి. పళ్ల మీది పింగాణీ పొర బాల్యంలో తయారవుతుంది; అందులోని స్ట్రాన్షియం, సీసం ఐసోటోపులను (ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాలను) బట్టి ఆ బాల్యం ఏ నేల మీద గడిచిందో అంచనా వేయవచ్చు. హరప్పా, ఫర్మానా శ్మశానాల్లో అలా చూసినప్పుడు, పూడ్చినవారిలో చాలామంది చిన్నతనం వేరే చోట గడిపి నగరానికి వచ్చినవారని తేలింది. వారు కోడళ్లా, పనివారా, శిష్యులుగా వచ్చిన పిల్లలా అన్నది పళ్లు చెప్పవు. పైగా ఇంత పెద్ద నగరంలో ఇన్ని వందల ఏళ్లలో పోయినవారిలో శ్మశానానికి చేరినవారు చాలా కొద్దిమంది. మిగతావారిని దహనం చేశారో, నదిలో వదిలారో తెలియదు; ఆ శ్మశానంలో చోటు దొరకడమే ఒక హోదా అయి ఉండవచ్చు. శంకరం గారు వెతుకుతున్న పూడిక మనిషి ఆ పూడ్చినవారిలో లేకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది.

హరప్పాలోనే నగరం క్షీణించిన నాటి ఎముకల్లో కుష్ఠు, క్షయ గుర్తులూ, పుర్రెలకు తగిలిన దెబ్బలూ మునుపటి కంటే ఎక్కువయ్యాయని గ్వెన్ రాబిన్స్ షుగ్ బృందం తేల్చింది. వ్యవస్థ బలహీనపడినప్పుడు ఆ భారం అందరి మీదా ఒకేలా పడలేదని కూడా వారి వాదన.

ఇటుకల_బట్టీ
క్షీణించే కాలంలో కాలువల సంగతేమిటి? అవి ఎప్పుడు ఆగాయో తెలిస్తే నడిపినవారు ఎప్పుడు పోయారో తెలుస్తుంది కదా.

సోషల్_మాస్టారు
ఒక్కసారిగా ఆగలేదు. మొహెంజొదారో పై పొరల్లో, అంటే చివరి కాలంలో, పెద్ద గదులను అడ్డుగోడలతో ముక్కలు చేసుకున్నారు, పాత ఇటుకలు ఏరి గోడలు కట్టుకున్నారు, వీధుల్లోకి ఇళ్లు జరిగాయి, కాలువలు పూడిపోయాయి. ఒకప్పుడు ఊరి వెలుపల ఉంచిన కుండల బట్టీలు ఊళ్లోకి వచ్చాయి. ఒకటైతే ఏకంగా వీధి నడిమధ్యనే వెలిసింది. వీలర్ చెప్పినట్టు దండెత్తి వచ్చినవారు ఊచకోత కోశారన్న కథను పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ డేల్స్ 1964లోనే పూర్వపక్షం చేశాడు. అక్కడ దొరికిన అస్థిపంజరాలు ఒకే రోజున పడినవి కావు. వానలు తగ్గాయి, పడమటి వర్తకం సన్నగిల్లింది, జనం తూర్పుకూ గుజరాత్ వైపుకూ చిన్న ఊళ్లకు తరలిపోయారు. తూకపు రాళ్లు, ముద్రలు, కాలువలు దాదాపు ఒకే కాలంలో కనుమరుగయ్యాయి.

రిటైర్డ్_ఏఈ
ఈ మూడూ ఒకేసారి పోవడమే నేను మొదటి నుంచి చెబుతున్నదానికి ఆధారం. తూకం వేసినవారు సుంకం తీసుకున్నారు, సుంకంతో పూడిక తీయించారు. తూకం ఆగిన నాడే పూడికా ఆగింది.

కొండపల్లి_బొమ్మ
తీయించినవారి జాడ దొరికింది సరే, తీసినవారి పేరున ఇంకా ఆ ఇసుక కుప్పలే ఉన్నాయి. వారు చిన్న ఊళ్లకు తరలిపోయాక ఆ పని మానేయగలిగారా లేదా అన్నది ఎవరైనా పరిశోధిస్తే చదవాలని ఉంది.

గవ్వలు
వీధి నడిమధ్య బట్టీ పెట్టినాయనకు నోటీసు ఇచ్చారా లేదా, ఏఈ గారు చెప్పాలి.

రిటైర్డ్_ఏఈ
ఇచ్చేవారు అప్పటికే గుజరాత్‌కు బదిలీ అయి ఉంటారు.